హారన్ వినబడేంత దూరం

మా అత్తగారు పోయారు. మొన్న బుధవారం మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని గదిలోకి వెళ్ళిన మనిషి టీ వేళకు లేవలేదు. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పుడు వస్తున్నదీ చెప్పకుండా ఆవిడ వెళ్ళిపోవడం నేను ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఇదే మొదటిసారి. కింద మార్కెట్‌కి కొత్తిమీర కోసం వెళ్ళినా సరే, చెప్పులు వేసుకుంటూ, "మార్కెట్‌కే. వంటకి ముందే వచ్చేస్తా. రాకపోతే ఫోన్ చెయ్యి" అనేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. లిఫ్ట్ దిగితే మార్కెట్, ఇందులో తప్పిపోయేదేముంది అనుకునేదాన్ని.

సెంగ్‌కాంగ్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద చివరిచూపుకు వచ్చినవాళ్ళు చాలామంది కాసేపు కూర్చుని, కళ్ళు తుడుచుకుని, మెల్లగా అడిగిన మాట ఒకటే. "ఇంతకీ ఆంటీకి బంగారం ఎంత దొరికింది?" వాళ్ళను తప్పుపట్టను. భర్త పోయాక ఇంట్లో కూర్చోకుండా, ఏటా చలికాలంలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని ఆస్ట్రేలియా ఎడారికి బంగారం వెతకడానికి పోయే రిటైర్డ్ టీచరమ్మ గురించి ఇంకేం అడుగుతారు? నిజం చెప్పాను. అన్నేళ్ళకూ కలిపి ఒక ముక్కుపుడకకు సరిపోయేంత. అదీ సన్నది.

ఆవిడ ఇక్కడే, ఈ దీవిలోనే పుట్టారు. వాళ్ళ తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆవిడ తెలుగులో తమిళం, మలయ్ ధారాళంగా కలిసేవి, మాట చివర ఇక్కడివాళ్ళు తగిలించే 'లా' కూడా. నేను కరీంనగర్ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆవిడ మాట నాకు సగం, నా మాట ఆవిడకు సగం అర్థమయ్యేవి. మిగతా సగం ఇద్దరం నవ్వుతో సరిపెట్టుకున్నాం. పెర్త్‌లో ఉన్న పాత స్నేహితురాలు ఒకసారి సరదాగా గనుల వైపు తీసుకెళ్ళి చేతికి డిటెక్టర్ ఇచ్చిందట. అది కుయ్యిమన్న మొదటి క్షణంలోనే పిచ్చి పట్టుకుంది. తవ్వితే తుప్పు పట్టిన మేకు. అయినా పిచ్చి వదల్లేదు.

పిచ్చి ఉన్నా ఒళ్ళు మరిచే మనిషి మాత్రం కాదు. పిల్లల్ని విహారయాత్రలకు తిప్పి, అందరినీ లెక్కపెట్టి వెనక్కి తెచ్చిన టీచరు కదా. మేమూ వస్తామంటే ముందు ఊరి చివరనున్న క్రాంజీ తీసుకెళ్ళారు. మిట్టమధ్యాహ్నం వీపున నీళ్ళ సంచి వేయించి, పొలాల పక్క ఖాళీ రోడ్డు మీద నడిపించారు. మా ఆయన బస్ స్టాప్ కనబడగానే కూలబడితే ఆవిడ దొరకబుచ్చుకున్నారు.

"చూశావా, అదే మన జబ్బు. కాస్త నడిస్తే ఏదో బస్ స్టాప్ వచ్చేస్తుందని మన కాళ్ళకి నమ్మకం లా. మన ఎల్ఆర్‌టీ రైలు ఎటువైపు ఎక్కినా చుట్టు తిరిగి ఇంటికే తెచ్చేస్తుంది. ఎడారి అలా తేదు రా."

ఆవిడ జాగ్రత్తలన్నీ ఇలాగే ఉండేవి. వింటే చాదస్తం, చేస్తే ప్రాణం. ఎడారికి ముందున్న ఆఖరి ఊళ్ళో మోటెల్ యజమానికి ఎటు వెళ్తున్నామో చెప్పందే కారు కదిలేది కాదు. పాత గనుల గుంతల దగ్గర ఫొటో కోసం వెనక్కి అడుగు వేస్తే చెవి మెలిపెట్టేవారు, కోడలిదైనా సరే. డిటెక్టర్ హెడ్‌ఫోన్స్ ఒక చెవికే, రెండో చెవి లోకానికి. సగం నీళ్ళు అయిపోతే, మెషిన్ ఎంత పాడుతున్నా వెనక్కే. "బంగారం ఎక్కడికీ పోదు. పోయేది మనమే" అనేవారు, అదేదో వంటలో ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా.

మేము వెళ్ళిన రెండో ఏడు, పొద్దున టీ తాగి మా ఆయన డిటెక్టర్‌తో బయల్దేరారు. "ఆ కనబడే చెట్టు దాకానే" అన్నారు. అక్కడ కనబడే చెట్లన్నీ ఒకేలా ఉంటాయి. ఎర్రమట్టి, నడుమెత్తు పొదలు, మళ్ళీ ఎర్రమట్టి. మధ్యాహ్నం భోజనానికి హారన్ కొట్టాం. రాలేదు. మళ్ళీ కొట్టాం. కారు వెనక సీట్లో చూస్తే ఆయన ఫోను చార్జింగ్‌లో ఉంది. పక్కనే బెల్టు, ఆ బెల్టుకు ఆపదలో నొక్కితే సాయం పిలిచే బీకన్. బరువని తీసి పెట్టేసినట్టున్నారు.

"అత్తమ్మా, నేను పోయి చూసొస్త" అని దిగబోయాను. ఆవిడ నా జబ్బ పట్టుకున్నారు.

"నువ్వు కారు దగ్గరే ఉంటావు."

"గుంతల గిట్ల పడ్డడేమో అత్తమ్మా! ఊకె కూసుంటమా?"

"పడుంటే వెతకడానికి వెళ్ళి నువ్వూ పడతావు. ముగ్గురం పోతే చెప్పడానికెవరు మిగులుతారు? వాడు హెడ్‌ఫోన్స్ రెండు చెవులకీ పెట్టేసుకుని ఉంటాడు. దాహమేస్తే తీస్తాడు, అప్పుడు వినబడాలి. నువ్వు మూడేసి సార్లు హారన్ కొట్టు, ఆగు, మళ్ళీ కొట్టు. ఆపకు. నేను హారన్ వినబడేంత దూరమే వెళ్తాను. సన్నబడిందా, అక్కణ్ణుంచి పక్కకి తిరుగుతాను."

ఒక పాత చీరను పీలికలుగా చింపి భుజాన వేసుకున్నారు, పొదలకు కట్టుకుంటూ వెళ్ళడానికి. ఇంకో బీకన్ నా ఒళ్ళో పెట్టి, కారు పక్కనున్న బండరాయి చూపించారు. "కారు నీడ ఆ రాయిని తాకేసరికి మేం రాకపోతే ఇది నొక్కు. ఆలోచించకు. దిగి మాత్రం రాకు."

ఆయన ఆవిడకు ఒక్కగానొక్క కొడుకు. 'మేం రాకపోతే' అనేటప్పుడు ఆవిడ గొంతు పిల్లల హాజరు పిలిచినట్టే ఉంది.

తర్వాత నేను చేసిందల్లా హారన్ కొట్టడం, నీడను చూడడం. మొదట ఆవిడ టోపీ కనబడింది, తర్వాత పొదలకు కట్టిన పసుపు పీలికలు కనబడ్డాయి, తర్వాత అవీ లేవు. దిగి పరిగెత్తాలని ఎన్నిసార్లు తలుపు పిడి మీద చెయ్యి వేశానో. దిగలేదు. ఈ రోజుకీ నా జీవితంలో నేను చేసిన గట్టి పని అదే అనుకుంటాను, కూర్చోవడం.

నీడ బండరాయిని తాకింది. నేను బీకన్ మూత తీశాను. అప్పుడే పొదల మధ్య టోపీ కదిలింది.

ముందు ఆవిడ, వెనక ఆయన. ఒక చీర పీలిక రెండు కొసలూ ఇద్దరి చేతుల్లో ఉన్నాయి. ముప్పై దాటిన మనిషిని బడిపిల్లాడిలా కొస పట్టించి నడిపించుకు తెస్తున్నారు. ఆవిడ అన్నట్టే జరిగింది. నీళ్ళు తాగడానికి హెడ్‌ఫోన్స్ తీస్తే సన్నగా హారన్ వినబడిందట. కానీ గాలికి అది ఎటునుంచి వస్తున్నదో తెలియలేదు. కాస్త నడిచి, తను తవ్విన గుంత దగ్గరికే మళ్ళీ వచ్చేసరికి దారి తప్పానని అర్థమైందట. చిన్నప్పుడు లిటిల్ ఇండియాలో ఆదివారం జనంలో చెయ్యి వదిలిపోతే వాళ్ళమ్మ ఏం చెయ్యమనేవారో అదే చేశారు. ఉన్నచోటే నీడ చూసుకుని కూర్చున్నారు.

"మెషిన్ ఇంకా పాడుతూనే ఉంది," అన్నారాయన, కారు దిగి ఎదురెళ్ళిన నా చేతిలోంచి నీళ్ళ సీసా అందుకుంటూ. "సగం తవ్వాను. అమ్మ చూడనివ్వలేదు."

"పూడ్చేయించాను. ఏ జంతువైనా కాలు విరగ్గొట్టుకుంటుంది," అన్నారు అత్తగారు. ఆ గుంతలో ఏముందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. ఆ చోటికి మళ్ళీ వెళ్ళలేదు కూడా.

కొడుకు తల మీద నీళ్ళు పోశారు. బుగ్గలు పట్టుకుని కళ్ళలోకి చూసి, మాట తడబడకుండా వస్తోందో లేదో ఏదో అడిగి చూశారు. కారు నీడలో కూర్చోబెట్టారు. నా చేతిలోని బీకన్ తీసుకుని, మూత బిగించి, దాని సంచిలో పెట్టారు. అన్నీ వరసగా, తొందరపడకుండా. అన్నీ అయ్యాక డ్రైవరు సీట్లోకి ఎక్కి, తలుపు వేసుకుని, హారన్ మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కారు.

నేను ఉలిక్కిపడ్డాను. "ఇప్పుడెందుకత్తమ్మా? అందరం ఈన్నే ఉన్నం గదా!"

"తెలుసు అమ్మాయ్," అన్నారు సగం దించిన అద్దంలోంచి, చేతులు తియ్యకుండానే. "ఇందాకట్నుంచీ నువ్వే అరుస్తున్నావు. నన్ను కూడా కాసేపు అరవనీ లా."

అద్దానికి అవతల ఆవిడ నోరు మూసే ఉంది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. హారన్ మోగుతూనే ఉంది. పొదల్లోంచి పిట్టలు గుంపుగా లేచి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఆ ఎర్రమట్టి మీదుగా ఎటో వెళ్ళిపోయాయి.