కోరుట్ల పూజ నుంచి సిరిసిల్ల దీక్ష దాకా: ఒక పాస్కా ఆదివారం

తెలంగాణ కోసం ఊరూరా రిలే నిరాహార దీక్షలు నడుస్తున్న రోజులవి. సిరిసిల్ల శిబిరంలో రోజుకొక సంఘం కూర్చునేది. మా క్యాథలిక్ విశ్వాసుల వంతు సరిగ్గా పాస్కా పండుగ, అంటే ఈస్టర్ ఆదివారం నాడు పడింది. అక్కడ గుడిలో ప్రార్థనలు నేర్పే ఉపదేశిగా ఉన్న జోసెఫ్ మామ, జగిత్యాలలో చదువుకుంటున్న నాకు ఫోన్ చేశాడు. “ఐదుగురన్న కూసోవాలె బిడ్డా, ముగ్గురమే ఉన్నం. కోరుట్ల పెద్దమ్మను తోలుకొని రా” అన్నాడు. వంతు తప్పితే శిబిరం ఆ రోజు ఖాళీ. క్రైస్తవులు ఉద్యమంలో లేరన్న మాట మాత్రం మిగిలిపోతుంది. అందుకే బయలుదేరాను.

తెల్లవారకముందే కోరుట్ల బస్సెక్కాను. గంటలోపు ప్రయాణం, టికెట్ ఇరవై రూపాయల లోపే. మా పెద్దమ్మ మరియమ్మ బీడీలు చుడుతుంది. పండుగకు ముందు నలభై రోజుల తపస్సు కాలమంతా చాయ్ మానేసింది. చాయ్ లేకుండా చేట ముందు కూర్చోవడం ఆమెకు ఎంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు. పొద్దుటి పూజలో నలభై రోజుల తరువాత మళ్లీ అల్లెలూయ పాడారు. గుడి దాటగానే ఆమె “ఇగ నడువ్, గా హోటల్ల చాయ్ తాగుదాం” అంది. మామ ఎందుకు పిలిచాడో అప్పుడు చెప్పాను.

“పండుగనాడు ఒక్కపొద్దా? గట్లెవడు పెట్టిండు?”

“ఇప్పుడు తాగి పోదాం పెద్దమ్మా, కూర్చునేది పదింటికే కదా.”

“తాగి కూసుంటే దొంగ దీక్షయితది” అని, హోటల్ వైపు ఒకసారి చూసి, బస్టాండుకు నడిచింది.

కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ చేరి, అక్కడ బస్సు మారాం. కొత్త చీర చూసి కండక్టర్ “పెండ్లికా అమ్మా?” అని అడిగాడు. “దీక్షకు” అంది పెద్దమ్మ. “గిట్ల తయారై ఉపాసముండుడు ఇప్పుడే చూస్తున్న” అని నవ్వుతూ టికెట్లు కొట్టాడు.

సిరిసిల్ల శిబిరం బాధ్యత మరమగ్గాల కార్మికుడు శ్రీనివాస్‌ది. మా మెడల్లో దండలు వేస్తుంటే పెద్దమ్మ ఊరుకోలేదు. “మా పండుగనాడే ఎందుకు పెట్టినవ్ తమ్మీ?”

“శివరాత్రికి మేం పండుగనాడే ఒక్కపొద్దుంటం గదక్కా. మీదీ గట్లనే అనుకున్న.”

“మాది నిన్నటితోనే అయిపోయింది. ఇయ్యాల తినే దినం.”

శ్రీనివాస్ చేతిలో దండ ఆగిపోయింది. “అయ్యో, జోసెఫన్న ఒక్క మాటన్న చెప్పకపాయె. పోయి తినుండ్రి, మా మగ్గాలోళ్లం కూసుంటం.”

“మా వంతు మాదే” అన్నాడు మామ. అక్క వైపు తిరిగి, “గిది ఒక్కపొద్దు గాదక్కా. మన పండుగ పొద్దుమూకి మొదలైతది, గంతే” అన్నాడు.

పెద్దమ్మ జంపఖానా మీద కూర్చుని జపమాల తీసింది. పదేసి జపాల ఒక్కో దశకం అయ్యాక మామ “జై తెలంగాణ” అనేవాడు, పెద్దమ్మా, రోడ్డు మీద పోయేవాళ్లూ అందుకునేవారు. మధ్యాహ్నం ఎండకు నాకు కళ్లు తిరిగాయి. పెద్దమ్మ నీళ్లు తాగించింది తప్ప లేవమనలేదు.

సాయంత్రం ఐదింటికి శ్రీనివాస్ నిమ్మరసం గ్లాసులు తెచ్చాడు. పెద్దమ్మ తన గ్లాసును పక్కకు జరిపింది. “గిది మా తమ్మునికియ్యి. నాకు చాయ్ తే. నలభై దినాలైంది.”

అతను పరుగున పోయి ఫ్లాస్కు నిండా తెచ్చాడు. ఆమె వరసగా రెండు గ్లాసులు తాగింది. ఆ తరువాత మామ ఇంటి నుంచి బగారన్నం, కోడికూర వచ్చాయి. శిబిరంలోని వాళ్లందరూ మాతోనే తిన్నారు.

ప్రార్థన గుడిలో చేసేది, ఉద్యమం రోడ్డు మీద చేసేది అని నేను విడివిడిగా అనుకునేదాన్ని. ఆ రోజు పెద్దమ్మ జపమాలలోని మంగళవార్త జపాన్నీ, నినాదాన్నీ ఒకే గొంతుతో పలికింది. ఆమెకు ఆ తేడా ఎప్పుడూ లేదేమో. ఇచ్చిన మాటకు కూర్చోవడం, దేవుడి ముందు కూర్చోవడం ఆమెకు ఒకే పని. నాకు అది పుస్తకాల్లో దొరకలేదు, సిరిసిల్ల జంపఖానా మీద దొరికింది.

ఈ దారిలో వెళ్లేవారికి ఒక సూచన: కోరుట్ల నుంచి సిరిసిల్లకు నేరుగా బస్సులు తక్కువ, వేములవాడలో మారండి. మా పెద్దమ్మలాంటి వారు వెంట ఉంటే, సాయంత్రానికి ఒక ఫ్లాస్కు చాయ్ పొద్దున్నే చెప్పి పెట్టండి.