అమ్మ నోటికి అందే శబ్దాలు

కర్నూలులో ఆపరేషన్ చేసి, గడ్డ ఉన్నంత మేర అమ్మ నాలుక ముందుభాగం తీసేశారు. గాయం మానింది. మెత్తగా కలిపితే అన్నం తినగలుగుతోంది. ఇక భయం లేదని డాక్టరు చెప్పాడు. కానీ అమ్మ మాట్లాడటం మానేసింది. ఆమె ఏదైనా అంటే ఎదుటివాళ్ళు "ఏమి?" అనేవాళ్ళు. మళ్ళీ చెప్పినా తెలియకపోతే, తెలిసినట్టు తల ఊపేవాళ్ళు. ఆ తల ఊపడమే ఆమెకు ఎక్కువ బాధ. కోడుమూరులో మా వీధి ఆడవాళ్ళ ప్రార్థన కూడికలో మొదటి గొంతు ఎప్పుడూ అమ్మదే. ఇప్పుడు కూడికకే పోవడం లేదు. రాసి చూపించమని పలక కొనిస్తే, దాన్ని పిండి డబ్బా మీద మూతగా పెట్టింది.

నేను ఎలక్ట్రానిక్స్ చదివి సోలార్ ప్లాంటులో పని చేస్తున్నాను. ఏ చిక్కు వచ్చినా ముందు పట్టిక గీయడం నా అలవాటు. ఒక సాయంత్రం అమ్మను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, బడిలో లాగా ఒక్కో అక్షరం పలికించాను. త, ద, న, ల, ర, స పోయాయి. ట, డ, చ, జ కూడా. పెదవులతో పలికే ప, బ, మ, వ మాత్రం చెక్కుచెదరలేదు. హ ఉంది. క పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి అలసిపోతుంది. అయినా ఉంచాను. క, గ ఆమె నోట్లో ఒకటే అవుతున్నాయి కాబట్టి గ కొట్టేశాను. అచ్చుల్లో ఆ, ఊ, ఏ చాలనుకున్నాను. ఈ అన్నా ఏ లాగే వినబడుతోంది. ఒత్తులు మాత్రం గట్టివి. ప్ప, మ్మ, వ్వ అనేటప్పుడు అమ్మ గొంతు పాత అమ్మ గొంతే.

వీటితో చిన్న భాష ఒకటి కడదామనుకున్నాను. గరగర ఎక్కువగా ఉండే లైనులో పంపే సంకేతాలు ఒకదానికొకటి దూరంగా ఉండాలని కాలేజీలో నేర్చుకున్నాను. అందుకని ఏ రెండు మాటలకూ ఒక్క శబ్దం మాత్రమే తేడా ఉండకూడదని నియమం పెట్టుకున్నాను. నీళ్ళకు వావూ. రమ్మనడానికి హేక్కా. అందరూ అనడానికి మూపే. ఉప్పు, పప్పు నా నియమానికి మరీ దగ్గరి మాటలు, కానీ వాటిని ముట్టుకోలేదు. బువ్వనూ ముట్టుకోలేదు. అవి తెలుగులో ఉన్నట్టే ఆమె నోట బతికి ఉన్నాయి.

నొప్పికి, మందుకు, ఆసుపత్రికి ముందుగా మాటలు చేసి చూపిస్తే అమ్మ చేత్తో పక్కకు తోసేసింది. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న నాయన నవ్వాడు.

"తిట్లు ఉండాయేమిరా నీ భాషలో?"

"ఇంగా చెయ్యలేదు నాయనా."

"తిట్లు లేకుండా మీయమ్మ ఏం మాట్లాడతాది? ముందు నన్ను తిట్టే మాట చెయ్యి. దినామూ పనికొస్తాది."

అలా కప్పాహూ పుట్టింది. అమ్మ దాన్ని అక్కడికక్కడే నాయన మీద వాడి చూసింది. ఆపరేషన్ తర్వాత ఆమె గట్టిగా నవ్వడం అదే మొదలు.

అయితే ఆ మాటలన్నీ మా ముగ్గురి మధ్యనే. గడప దగ్గర ఎవరి అలికిడైనా అమ్మ ఆగిపోయేది. ఆమె గొంతు మళ్ళీ నలుగురిలోకి పోవాలన్నది నా ఆశ. అది మా వంటింటి దగ్గరే ఆగిపోయింది.

ఆ ఏడు వేరుశనగ విత్తాక వాన పడలేదు. అమ్మ రావడం లేదని ఆడవాళ్ళు కూడికనే మా ఇంటికి తెచ్చారు. చాపల మీద గుండ్రంగా కూర్చొని, వరుసగా ఒక్కొక్కరూ బయటికి వినబడేలా ప్రార్థన చేస్తారు. చెయ్యలేనివాళ్ళు పక్కామె మోకాలు తడితే వంతు దాటిపోతుంది. అమ్మ వంతు వచ్చింది. ఆ తట్టు కోసం పక్కామె కళ్ళు మూసుకునే కాచుకుంది. టీ గ్లాసుల పళ్ళెంతో నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను.

అమ్మ తట్టలేదు.

"అప్పా," అంది. "వావూ హేక్కా. వావూ హేక్కా, అప్పా. మూపే బువ్వ."

ఒకామె "స్తోత్రం!" అని అరిచింది. "అక్కకు అన్యభాషల వరం వచ్చినాది!"

దేవుని ఆత్మ కమ్మి ఎవరికీ తెలియని భాషలో మాట్లాడటం కొన్ని సంఘాల్లో ఉంది. మా పాత చర్చిలో లేదు. అందరికంటే పెద్దామె కళ్ళు చిట్లించింది.

"మనకాడ యాడుందే అది? మా అవ్వ కాలం నుంచి చర్చికి పోతాండాం, ఒగరికన్నా వచ్చిందా?"

"రాకూడదని యాడన్నా రాసిండాదా?"

"వస్తే అర్థం చెప్పేవాళ్ళు గూడా ఉండల్ల. యాడుండారు?"

అమ్మ నా వైపు చేయి చూపించింది. అందరూ తిరిగి చూశారు.

"వరం కాదు పెద్దమ్మా. అమ్మకు పలికే శబ్దాలతో నేను చేసిన భాష."

"నువ్వు చేసినావా! అయితే ఏమడిగిందో చెప్పు."

"నీళ్ళు రమ్మనింది. అందరికీ బువ్వ అడిగింది."

దేవునికి ఒక మాట చెయ్యాలని నాకు తట్టనే లేదు. దేవా, ప్రభువా, తండ్రీ, మూడూ ఆమెకు అందవు. అందుకని మా సీమలో దారిన పోయే మనిషిని పిలిచినట్టే ఆయన్నూ అప్పా అని పిలిచేసింది.

"మేమింతసేపు గొంతు చించుకునిందీ దానికే కదే," అంది పెద్దామె. "నీది పొట్టిగా శానా బాగుండాది. ఇంగొకసారి అను."

అమ్మ అంది.

"బాబూ ఎక్కా," అంది పెద్దామె. చాపల మీద అందరూ విరగబడి నవ్వారు. "నగద్దండే, నాకు ముందు పండ్లు లేవు!"

ఆపరేషన్ అయినప్పటి నుంచి బయటివాళ్ళ ముందు అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే ఉండేది. పెదవులు కనబడకపోతే నేర్పడం కుదరదు. కొంగు తీసి భుజాన వేసుకొని, పెద్దామె ముందుకు జరిగి, నోరు బాగా తెరిచి, నిదానంగా మళ్ళీ పలికింది. టీ చల్లారిపోయింది. ఎవరూ అడగలేదు.