చంకలో గడ్డ అని చెప్పింది

బోధన్‌లో చీరల దుకాణం నడిపే రేణుకమ్మకు రెండో కాన్పు తర్వాత ఒళ్లంతా తగ్గింది కానీ చంకల దగ్గరి కొవ్వు మాత్రం కరగలేదు. రోజూ పొద్దున్నే నడిచింది, రాత్రిపూట అన్నం మానేసింది. అయినా జాకెట్టు చేతుల దగ్గర బిగుసుకుని, పక్కన కండ ముద్దలా పొడుచుకొచ్చేది. పై అరలోని చీర కోసం చెయ్యెత్తినప్పుడల్లా కొంగు లాక్కునేది.

హైదరాబాదులో ఒక డాక్టరు సన్నటి గొట్టంతో ఆ కొవ్వును లాగేస్తాడని 2004లో ఎవరో చెప్పారు. లైపోసక్షన్ అంటారట. భర్త ఆత్మారాం మొదట నవ్వాడు, తర్వాత సరేనన్నాడు. కానీ అత్త పెంటవ్వకు ఏం చెప్పాలి? బీడీలు చుట్టి కొడుకును పెంచిన మనిషి. అందం కోసం ఆపరేషనంటే ఏమనుకుంటుందో!

"చంకల గడ్డయింది అత్తమ్మా, తీసెయ్యాల్నన్నరు," అంది రేణుకమ్మ.

పెంటవ్వ దేవుడి పటం ముందు చేతులు జోడించింది. కోడలికి నయమయ్యేదాకా ఒక్క పూటే తింటానని మొక్కుకుంది.

ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చాక కోడలిని మంచం దిగనివ్వలేదు. ఒంటికి బిగించిన పట్టీ తనే విప్పి కట్టేది. కుట్లు చిన్నవిగా ఉన్నాయని సంబరపడేది. ఆ ముసలామె ఖాళీ కడుపుతో పడుకుంటే రేణుకమ్మకు ముద్ద దిగేది కాదు. నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం పట్టీ కడుతూ పెంటవ్వ అడిగింది, "నొప్పి మస్తుగుండెనా బిడ్డా?"

"అంత లేకుండె అత్తమ్మా."

"గట్లయితే నన్ను గూడ తోల్కపో. పోయిన ఎండకాలం నుంచి నాకు గూడ చంకల గడ్డున్నది. కోస్తరని భయమై చెప్పలే. నిన్ను సూసినంక ధైర్యమొచ్చింది."

రేణుకమ్మ తడిమి చూసింది. గడ్డ రాయిలా తగిలింది. అత్త ఎడమ చేత్తో బిందె ఎత్తడం మానేసి చాలా కాలమైందని అప్పుడు గుర్తొచ్చింది. అన్నాళ్లూ అద్దంలో తన చంకలే చూసుకుంది.

నిజామాబాద్‌లో పరీక్షలు చేసి రొమ్ము క్యాన్సర్ చంకలోకి పాకిందన్నారు. హైదరాబాదులో ఆపరేషన్ రోజున, "నీకు మానినట్టే నాకు గూడ మానుతది గద?" అంది పెంటవ్వ.

రేణుకమ్మ ఇక ఆగలేకపోయింది. "నాది గడ్డ గాదత్తమ్మా. కొవ్వు. జాకెట్టు మంచిగ కూసోవాల్నని తీయించుకున్న. నీకు అబద్ధం చెప్పిన."

పెంటవ్వ గోడవైపు తిరిగింది. "నేను పస్తులుంటున్నప్పుడన్న చెప్పకపోతివి," అంది. లోపలికి తీసుకెళ్తున్నప్పుడు కోడలి వైపు చూడలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పెంటవ్వ బతికింది. చాలా రోజులు ముభావంగా ఉండి, మెల్లగా మాటలు కలిపింది. చూడ్డానికి వచ్చిన వాళ్లతో మాత్రం, "మా కోడలు తోల్కపోవట్టే బతికిన," అనేది.

"అత్తమ్మా, నేను..." అని రేణుకమ్మ నోరు తెరిస్తే, "చాయ్ పెట్టుపో," అని పంపేసేది. వంటింట్లోకి కూడా ఆ మెచ్చుకోలు వినబడుతుంటే, రేణుకమ్మ తలుపు దగ్గరికి వేసుకునేది.