పొడుగు కారు కోసం పొదిలి దాకా

మాఘమాసంలో ఒక మంగళవారం ఉదయం ఆరుంబావుకి గుంటూరు బస్టాండులో పొదిలి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, నేనూ మా ఆవిడ హసీనా. నా టికెట్టు రెండు వందలు దాటింది. ఆడవాళ్ళకి ఇప్పుడు సున్నా టికెట్టు కదా, కండక్టరు ఇచ్చిన ఆ కాగితాన్ని హసీనా జాగ్రత్తగా పర్సులో పెట్టుకుని, "మీకంటే నా ప్రయాణమే లాభం" అంది.

లాభనష్టాల గురించే ఈ ప్రయాణం. మాకు గుంటూరులో చిన్న కళ్ళద్దాల కొట్టుంది. నెలకి ఎనిమిది రోజులు దర్శి, పొదిలి పల్లెల్లో కంటి పరీక్షల క్యాంపులు పెడతాం. మా పాత కారు నిరుడు మూలపడింది. గుంటూరులోనే ఒకాయన సెడాన్ ఒకటి మూడేళ్ళ లీజుకి ఇస్తానన్నాడు, నెలకి పదిహేడు వేలు. పొదిలిలో కోటేశ్వరరావు గారనే ట్రావెల్స్ ఆయన దగ్గర స్టేషన్ వ్యాగన్ ఉందని తెలిసింది. వెనక డిక్కీ బదులు ఇంటి గదంత చోటున్న పొడుగు కారు. దానికి ఇరవై నాలుగు వేలు. అదీ మూడేళ్ళే.

నా లెక్క నేను వేసుకున్నాను. సెడాన్‌లో లెన్సుల పెట్టెలు పడతాయి గానీ అక్షరాల బోర్డు, మడత కుర్చీలు, ఫ్రేముల ట్రంకు పట్టవు. క్యాంపుకొక ట్రాలీ ఆటో, తొమ్మిది వందలు. ఎనిమిది క్యాంపులకి ఏడు వేల రెండు వందలు. అంటే వ్యాగనే రెండు వందలు చవక!

నిజం చెప్పాలంటే ఆ లెక్క తర్వాత వేసింది. మనసు ముందే వేసేసుకుంది.

మా నాన్న దగ్గర అలాంటి కారే ఉండేది. ఈ దారి ఊళ్ళన్నిటిలో ఆయన్ని అద్దాల సాయిబు అనేవాళ్ళు. బడి సెలవులకి నన్నూ వెంట తీసుకుపోయేవాడు. వెనక తలుపు పైకెత్తితే దాని నీడే ఆయన కొట్టు. చదువురాని ముసలమ్మలకి అక్షరాలు చూపించేవాడు కాదు, సూదీ దారమూ ఇచ్చేవాడు. దారం ఎక్కగానే వాళ్ళ మొహాల్లో వచ్చే నవ్వు కోసం నేను సామాన్ల మధ్య కూర్చుని ఎదురుచూసేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో వెనక అద్దంలోంచి చూస్తే పత్తిచేలు మా నుంచి వెనక్కి నడిచిపోతున్నట్టుండేవి. నాన్న పోయాక ఆ కారు అమ్మేశాం. కొన్నవాడు తోలుకుపోతుంటే వీధి మలుపు దాకా పరిగెత్తాను.

ఏడుంబావుకి చిలకలూరిపేట. అక్కడ ఎక్కిన ఒక రైతు ఎండుమిరపకాయల సంచి ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. బస్సంతా ఘాటు, దగ్గులు. కారు సంగతి చెబితే, "రెండు బళ్ళూ చమురు ఒకటే తాగుతయ్యా? అది అడిగారా?" అన్నాడు. అడగలేదు. హసీనా నా వైపు చూసింది.

ఎనిమిదిన్నరకి అద్దంకిలో పావుగంట ఆపారు. బస్టాండు ఎదురు బండి దగ్గర ఇడ్లీ, కారప్పొడి తిన్నాం. ఈ దారిన వచ్చేవాళ్ళు టిఫిను అక్కడే కానివ్వండి, దర్శిలో బస్సు అంతసేపు ఆగదు. అద్దంకి దాటాక చేలల్లో కల్లాలు మొదలయ్యాయి. ఎర్రగా ఎండుతున్న మిరపకాయ, చివరి ఏరుడుకి మిగిలిన పత్తి. నాన్న ఆగే చోట్లన్నీ చూపిస్తూ వచ్చాను. కొన్ని చోట్ల పెట్రోలు బంకులు వచ్చాయి, కొన్ని నాకే గుర్తు దొరకలేదు.

పదింబావుకి పొదిలి. కోటేశ్వరరావు గారు అరవై ఏళ్ళ మనిషి, ఆఫీసు ముందే కారు కడిగించి పెట్టారు. బూడిద రంగు. వెనక తలుపు ఎత్తి నేను దాని కింద నిలబడ్డాను.

"కంపెనీలోళ్ళు ఇట్టాంటివి చెయ్యటం మానేశారండి. ఒక రౌండు తోలి చూడండి" అని తాళం ఇచ్చారాయన.

దర్శి రోడ్డు మీదికి పోనిచ్చాను. ఆయన పక్క సీట్లో, హసీనా వెనక. నాలుగు కిలోమీటర్లు హాయిగా సాగింది. అంతలో ఆయన "ఆగండాగండి!" అని అరుస్తూ స్టీరింగు పట్టి లాగారు. బండి రోడ్డు దిగి మట్టిలో ఆగింది. కుడివైపు చేలోంచి మోపెడ్ మీద వచ్చిన ముసలాయన, వెనక మిరప బస్తాతో, మా బంపరుకి జానెడు దూరంలో పక్కకి ఒరిగి ఉన్నాడు. దెబ్బలేం తగల్లేదు. బస్తా పగిలి కాయ రోడ్డంతా పరుచుకుంది.

"ఏరా, కళ్ళు కనపడట్లా?" అని అరిచాడు ముసలాయన.

కళ్ళద్దాలు అమ్మేవాణ్ణి. అబద్ధం ఆడాలనే నోరు తెరిచాను.

"కనపడట్లేదు బాబాయ్" అన్నాను.

హసీనా కారు దిగుతూ ఆగిపోయింది.

రోడ్డు పక్కనే అంతా చెప్పేశాను. ఎనిమిది నెలల కిందట డాక్టరు చెప్పాడు, గ్లకోమా అని. మనవైపు నీటికాసులంటారు. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది, పక్కచూపు తగ్గుతూ వస్తుంది. పోయింది తిరిగి రాదు, మందుతో ఉన్నది నిలుపుకోవాలి. చుక్కల సీసా కొట్లో ఫ్రేముల డబ్బాల వెనక దాచాను. వేసుకున్న రోజులు వేసుకున్నాను, మరిచిన రోజులు మరిచాను.

"ఊరూరా తిరిగి కంటి జబ్బు దాచుకోవద్దని చెప్పేది మీరేగా" అంది హసీనా. కొంగు నడుముకి దోపి, ముసలాయనతో కలిసి కాయ ఏరడం మొదలుపెట్టింది. నేనూ వంగాను. మా ముగ్గురినీ చూసి కోటేశ్వరరావు గారు ఖాళీ గోతం తెచ్చారు. ముసలాయన కోపం అప్పటికి చల్లారింది. "నాకూ ఎడం కన్ను మసకేలే, ఈసారి వచ్చినప్పుడు చూడు" అన్నాడు.

వెనక్కి కోటేశ్వరరావు గారే తోలారు. ఒకటిన్నరకి ఆయనతోనే మెస్సులో భోజనం, మనిషికి నూటపది. గోంగూర బాగుంది, నాకు సహించలేదు. ఈ వయసులో, ఈ చూపుతో, మూడేళ్ళ కాగితం మీద సంతకం పెట్టబోయాను. మధ్యలో వదిలేస్తే మూడు నెలల అద్దె కట్టాలని ఆయన ముందే పంపిన ఒప్పందంలో ఉంది. ఆ వాక్యం చదివి కూడా దాటేశాను. హసీనా మజ్జిగ తాగి గ్లాసు పెట్టి కోటేశ్వరరావు గారిని అడిగింది.

"అన్నగారూ, లీజు వద్దు. నెలకి ఎనిమిది రోజులు, మీ డ్రైవరుతో, ఈ బండే కావాలి. ఎంత?"

ఆయన ఆలోచించారు. "డీజిలు మీది. రోజుకి రెండు వేలివ్వండమ్మా."

"మా సామాను మీ గోడౌన్లో పెట్టుకుంటాం. మేం బస్సులో వస్తాం."

"పెట్టుకోండి. దానికేం ఇవ్వక్కర్లా."

పదహారు వేలు. సెడాన్ కంటే తక్కువ, ఆటో అక్కర్లేదు, సంతకమూ అక్కర్లేదు. నేను వారం రోజులు కాగితాల మీద వేసిన లెక్కలో డ్రైవరనేవాడే లేడు. ఉంటే నా కళ్ళ సంగతి బయటపడుతుంది కాబట్టి వాణ్ణి రానివ్వలేదు.

మూడున్నర బస్సుకి తిరుగు ప్రయాణం. ఎక్కేముందు హసీనా నా చుక్కల మందు పేరు అడిగి, మందుల షాపుకి వెళ్ళొచ్చింది. ఆమెకి మళ్ళీ సున్నా టికెట్టు, ఈసారి హాస్యం ఆడలేదు. దర్శి బస్టాండులో బస్సు ఆగగానే, "తల పైకెత్తండి" అంది. రెండు కళ్ళలోనూ ఒక్కో చుక్క వేసింది. "ఐదు నిమిషాలు తెరవొద్దు."

బస్సు కదిలింది. కిటికీలోంచి కాయ ఘాటు, ఎండిన పత్తికట్టె వాసన తెలుస్తున్నాయి.

"అటేముంది?" అన్నాను.

హసీనా కిటికీ వైపు వంగింది. తర్వాత మెల్లిగా మొదలుపెట్టింది. "కల్లంలో ఆడవాళ్ళు తెల్లబారిన తాలు కాయ ఏరుతున్నారు. ఒకామె లేచి నడుం విరుచుకుంటోంది. పక్కన పత్తిచేను, సగం ఏరారు. ఇదిగో, గొర్రెలు రోడ్డు దాటుతున్నాయి, డ్రైవరు ఆపుతున్నాడు..."

బస్సు ఆగింది. ఐదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ ఈ దారిన ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు గానీ, ఇంత చూసింది ఈసారే. కళ్ళు తెరవకుండా, ఇంకా చెప్పమన్నాను.