మా హెడ్మాస్టరుగారి బండి అద్దం

నా జీవితంలో నేను పట్టుదలగా బాగుచేసిన వస్తువు ఒక్కటే ఉంది. నేను బాగుచేయకుండా ఉంటే అది ఇంకో పదేళ్లు పనిచేసేది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, మీరు నవ్వుకోవచ్చు.

తొంభైల చివరి మాట. పాడేరు దగ్గర ఒక కొండ ఊరి బడిలో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. సైన్సు మాస్టరుని, వయసు ఇరవై మూడు. అంచేత లోకంలో నాకు చేతకాని పని లేదని గట్టి నమ్మకం. మా హెడ్మాస్టరుగారికి ఒక మోటారు సైకిలు ఉండేది. చలిగాలి గుండెకు కొట్టకుండా దాని ముందు పెద్ద ప్లాస్టిక్ అద్దం బిగించుకున్నారు. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో, పసిబిడ్డ మొహం తుడిచినట్టు దాన్ని తుడిచేవారు.

ఒక శుక్రవారం ఆయన విశాఖపట్నం వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టారు. సోమవారం ఎనిమిదింటికి పాడేరు బస్టాండుకు బండి తెచ్చి తనను ఎక్కించుకోమన్నారు. అంతవరకు బండి కదపవద్దని ఆయన అనలేదు. అనకపోవడాన్నే నేను అనుమతిగా తీసుకున్నాను.

శనివారం ఊరంతా ఒక చుట్టు చుట్టి వచ్చి, నేను అద్దెకుంటున్న ఇంటి ముందు బండి ఆపి స్టాండు వేశాను. స్టాండు పడిందనుకున్నాను. పడింది బండి. అద్దంలో జానెడు పగులు.

ఇంటి యజమాని సోమన్న వాకిట్లో కాఫీ గింజలు ఎండబోస్తున్నాడు. తీరిగ్గా వచ్చి, వంగి చూశాడు.

“పగిలింది పగిలినట్టు సెప్పీండి మాస్టరుగారూ. పెద్దాయన ఓ మాటంతారు, అక్కడితో అయిపోతాది.”

ఆ మూడు రోజుల్లో ఇంతకంటే తెలివైన మాట ఎవరూ అనలేదు. అందుకే నేను లెక్కచేయలేదు. సోమవారం దాకా ఎంతో సమయం ఉందని, ఆయన కనిపెట్టలేనంత బాగా చేస్తానని సోమన్నకు చెప్పాను. అతను తల ఊపి మళ్లీ కాఫీ గింజల దగ్గరకు వెళ్లిపోయాడు.

పగులు ముందుకు పాకకుండా దాని కొసన చిన్న చిల్లు పెట్టాలని నాకు తెలుసు. అద్దం ఊడదీసి, మేకు కాల్చి గుచ్చాను. కొసన కాకుండా పక్కన దిగింది. మళ్లీ గుచ్చాను. నాలుగు చిల్లులయ్యాక పగులు ఆగింది, ఎటు వెళ్లాలో తెలియక కాబోలు. తర్వాత చిటికెలో అతుక్కునే జిగురు పోశాను. ముందు నా బొటనవేలు, చూపుడువేలు అతుక్కున్నాయి. ఆ పూట అన్నం చెంచాతో తిన్నాను.

ఆదివారం చూస్తే జిగురు కందిరీగ కుట్టినట్టు ఉబ్బి ఉంది. గరుకు కాగితంతో రుద్దాను. ఉబ్బు తగ్గింది, చుట్టూ గీతలు పడ్డాయి. గీతలు పోవడానికి ఇంకాస్త దూరం రుద్దాను. గీతలు కూడా నాతోపాటే ఆ దూరం వచ్చాయి. అలా అద్దమంతా తిరిగాం. చివరికి బడి తలుపుల రంగులో కలపగా మిగిలిన థిన్నరు తెచ్చి తుడిచాను. తడిగా ఉన్నంతసేపూ అద్దం తళతళలాడింది. ఆ తళతళ చూసి మురిసిపోయి, తడి మీదే బండికి బిగించి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పేశాను.

సోమవారం తెల్లవారుతూనే బయలుదేరాను. డిసెంబరు నెల. మంకీ క్యాపు కనుబొమల దాకా లాక్కుని, చలికి అద్దం వెనక ముడుచుకుని కూర్చున్నాను. ముందంతా తెల్లటి మంచు. మా కొండల్లో అది మామూలే. హెడ్‌లైటు వేసి, హారన్ కొడుతూ, రోడ్డు అంచునే చూసుకుంటూ మెల్లగా పోనిచ్చాను. గంట గడిచింది, మంచు తగ్గలేదు. అంత మొండి మంచును నేనెన్నడూ చూడలేదు. అయితే నేనూ మొండివాణ్ణే.

నెత్తిన విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపుతో సంతకు నడిచి వెళ్తున్న ఒక ముసలమ్మ నన్ను దాటి ముందుకు పోయింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“ఏటి బాబూ, పగలు లైటెలిగించుకుని ఎల్తన్నావు?”

“మంచు కదమ్మా. ఏమీ కనబడటం లేదు.”

ఆమె ఆకాశం చూసింది, నన్ను చూసింది. “మంచేటి? ఎండ కాస్తంది.”

తల ఎత్తి అద్దం పైనుంచి చూశాను. నిజమే, కొండలన్నీ ఎండలో మెరుస్తున్నాయి. తల దించాను, మంచు. ఎత్తాను, ఎండ. ముసలమ్మ దగ్గరికి వచ్చి తనూ ఒకసారి అద్దంలోంచి చూసింది. నవ్వు ఆగక మోపు రోడ్డు పక్కన దింపేసింది.

మిగిలిన దారంతా కొంగలా మెడ చాచి నడిపాను. బస్టాండులో హెడ్మాస్టరుగారు గంట నుంచి నిలబడి ఉన్నారు. అద్దం చుట్టూ తిరిగి, నాలుగు చిల్లుల్లోనూ వేలు పెట్టి చూశారు.

“ఏమైంది మాస్టారూ?”

“చిన్న పగులు సార్. బాగుచేశాను.”

“పగులేదీ?”

చూపిద్దామని వంగి వెతికాను. ఎంత వెతికినా దొరకలేదు. నా పని అంత శుభ్రంగా కుదిరింది మరి. అంత తెల్లదనంలో పగులే కాదు, ఎదురుగా లారీ ఉన్నా దొరకదు.

ఆయన ఆ రోజే అద్దం ఊడదీయించి ఆఫీసు గోడకు తగిలించారు. గరుకుగా ఉండటంతో పెన్సిలు బాగా పడేది. నేను బదిలీ అయ్యేదాకా రోజూ పిల్లల హాజరు దాని మీద నా చేతే రాయించారు.

ఎదుటివారి వస్తువు నా చేతిలో పాడైతే ఆ క్షణమే వెళ్లి ఒప్పుకుంటానని, చచ్చినా దాన్ని బాగుచేయనని ఆ గోడ ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. ఈనాటిదాకా తప్పలేదు. మా ఆవిడకే ఇంకా నమ్మకం కుదరలేదు. ఇంట్లో ఏది పగిలినా ముందు నా స్క్రూడ్రైవరు దాచేసి, ఆ తర్వాతే ముక్కలు ఊడుస్తుంది.