నాకు బజ్జీలు అమ్మనన్న మస్తాన్ గారు

ఈ సాయంత్రం చిలకలూరిపేటలో మా మిల్లు ఎదురుగా ఉండే మస్తాన్ గారి బజ్జీల బండి దగ్గరికి రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని వెళ్లాను.

షుగరు అంచుకొచ్చిందని, తిండి మార్చుకుని రోజూ నడవకపోతే జబ్బు తప్పదని ఆరు నెలల క్రితం డాక్టరు గారు హెచ్చరించారు. ఆ సంగతి బండి దగ్గర నోరు జారి చెప్పేశాను. మర్నాటి నుంచి మస్తాన్ గారు నాకు బజ్జీలు వెయ్యడం మానేశారు.

"మీ వ్యాపారం మీరు చూసుకోండి!" అని ఓ రోజు గట్టిగానే అరిచాను.

ఆయన ఉడికించిన శనగలు పొట్లం కట్టి చేతిలో పెట్టారు. "మా అన్నకి ఇట్టా అడ్డం పడేవాళ్లు లేకపోయారండీ. షుగరుతో కిడ్నీలు పోయినయి. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి నేనే తీసుకెళ్తన్నా," అన్నారు.

ఆ రోజు నుంచి మిల్లు నుంచి ఇంటికి నడిచే వెళ్తున్నాను.

ఇవాళ రిపోర్టులో షుగరు మామూలుగా ఉంది. మస్తాన్ గారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి. వేడి బజ్జీ ఒకటి తీసిచ్చి, "ఇయ్యాల్టికి ఇదొక్కటేనండోయ్!" అన్నారు.

సిగ్గు లేకుండా రెండోది అడిగాను. ఇవ్వలేదు.

తన బేరం పోగొట్టుకుని మరీ నా ఒళ్లు కాపాడిన మనిషికి దణ్ణం పెట్టి వచ్చాను. మీకూ ఇలాంటివాళ్లు ఉన్నారా? చెప్పండి.