దసరాకు పుట్టింటికి వెళ్లే మాదన్న

పొద్దున ఏడింటికి టీ గ్లాసు కింద పెట్టగానే పీరా సాబ్ గోడ అలమరలోంచి ఒక డ్రిల్లు మిషన్ దించి ప్లగ్గు పెడతాడు. దానికి బిట్టు ఉండదు. ఆయన దేనికీ బెజ్జం వేయడు. ఊపిరి బిగబట్టినంతసేపు తిప్పి, చెవి ఒగ్గి విని, ఆపి, తుడిచి మళ్లీ పైన పెడతాడు. రోజుకొకటి, వరసలో. వరస తప్పితే మిగతావి నొచ్చుకుంటాయని ఆయన నమ్మకం.

వంటింట్లోంచి భార్య మహమూదా బీ అడుగుతుంది. "అజీ, ఈ పొద్దు ఎవరి వంతు?"

"లండనాయన."

లండనాయన గొంతు పెద్దది. ఆ రోజు పక్కింటివాళ్లకు అలారం అక్కర్లేదు.

ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లుల మోటార్లకు ముప్పై రెండేళ్లు వైండింగు చేసిన మనిషి పీరా సాబ్. కాలిన తీగ పీకి కొత్త తీగ చుట్టడం ఆయన పని. ఇప్పుడు అరవై మూడేళ్లు. తెలిసినవాళ్లు తెస్తే తప్ప పని చేయడం లేదు. మిగతా పొద్దంతా పాత ఇనుము అంగళ్లు తిరుగుతాడు. చేత్తో పట్టుకుని వాడే పాతకాలపు కరెంటు పనిముట్లు, అంటే ఇనుప ఒంటి డ్రిల్లులు, గ్రైండర్లు, చెక్కను చిత్రిక పట్టే మిషన్లు ఏరి తెస్తాడు. ప్లాస్టిక్ ఒంటివాటిని ముట్టడు. "అవి బొమ్మలప్పా" అంటాడు.

ఒక్కోదాని ముందు ఒక అట్టముక్క ఉంటుంది. దాని మీద పేరు, దేశం, సంవత్సరం, జబ్బు. కంపెనీ రేకు మీద అక్షరాలు చెరిగిపోయినా స్క్రూల తలలు చూసి, గాలి రంధ్రాల దగ్గర ముక్కు పెట్టి, మోత విని కనుక్కుంటాడు. పేరు తెలియనిది అలమర ఎక్కదు. మూడేళ్ల కింద అలమరలో ముప్పై ఏడు ఉండేవి. పేరు చెప్పలేక ఆయన ఓడిపోయినది ఒక్కటీ లేదు.

అప్పుడే ఎమ్మిగనూరు దోవలోని కోటేకల్లు నుంచి ఆదెప్ప అనే రైతు బోరు మోటారు తెచ్చాడు. అలమర చూడగానే చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించాడు.

"ఏందప్పా, దండం పెడతాండావు?"

"అలవాటు సాబన్నా. ఇట్లాంటిది మా ఇంట్లో దేవుని గూట్లో ఉండాది. మా నాయన బొంబాయికి వలస పోయినప్పుడు తలుపుల పనికి కొనుక్కొన్యాడు."

"ఏ కంపెనీది?"

"యాడ కనపడతాది? అంతా కుంకుమే."

ఆదెప్ప తండ్రి పోయాక దాన్ని ఎవరూ వాడలేదట. ఏటా దసరాకు ఆయుధపూజలో పసుపు, కుంకుమ మాత్రం పడుతున్నాయి. ముప్పై ఐదు దసరాలు. ఆ రోజు పీరా సాబ్ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. పాతిక కిలోమీటర్ల దూరంలో తాను మోత వినని మిషన్ ఒకటి ఉందన్న సంగతి ఆయన గొంతు దిగలేదు.

ఆదివారం తెల్ల చొక్కా తొడిగాడు. మహమూదా బీ చూసింది.

"మిషన్ చూసేదానికి ఇస్త్రీ చొక్కా యాల? నేనూ వస్తా."

ఆమె దారిలో అరటిపళ్లు, మిక్చరు కొన్నది. కోటేకల్లులో ఆదెప్ప తల్లి జయమ్మ వాళ్లకు చాప వేసి, టీ ఇచ్చి, లోపలి నుంచి టవల్లో చుట్టిన మిషన్‌ను రెండు చేతులతో తీసుకొచ్చింది. తల వంచుకుని తేవడమొక్కటే తక్కువ.

"పెండ్లిచూపులే" అంది మహమూదా బీ మొగుడి చెవిలో.

టవల్ తీస్తే ఒక ఎర్రటి ముద్ద. ముందు మూతి, వెనక తోక లాంటి వైరు. పీరా సాబ్ గోటితో గీకబోయాడు. జయమ్మ చటుక్కున లాక్కుంది.

"బొట్టు చెరిపే పని సేయొద్దప్పా. నాది ఆయప్పతో పోయె. దీనిదన్నా ఉండనీ."

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. బరువు చూశాడు. వాసన చూసి మూడుసార్లు తుమ్మాడు. "జర్మనీ" అన్నాడు.

"బొంబాయి అన్యాడే మా నాయన!" అన్నాడు ఆదెప్ప.

"రెండూ దూరమే లేరా" అంది జయమ్మ.

"మోత వింటే కచ్చితంగా చెప్తా అవ్వా."

"బతికిస్తే బతికించు. బొట్టు మాత్రం ముట్టొద్దు."

పక్కల ఉన్న మూతలు విప్పి, అరిగిన కార్బన్ ముక్కలు తీసి, జేబులోంచి కొత్తవి పెట్టాడు. ప్లగ్గు పెట్టి నొక్కాడు. మిషన్ లోపల చిన్న ఫ్యాను ఉంటుందన్న సంగతి ముప్పై రెండేళ్ల అనుభవంలో మొదటిసారి మర్చిపోయాడు.

ముప్పై ఐదు దసరాలు ఒక్కసారిగా బయటికొచ్చాయి. తెల్ల చొక్కా ఎర్రబడింది. మహమూదా బీ కళ్లజోడు ఎర్రబడింది. గడప దగ్గర మేకపిల్ల ఎర్రబడి ఊళ్లోకి పరుగెత్తింది. దాన్ని చూసి జనం వచ్చారు. ఎవరో టెంకాయ కూడా తెచ్చారు.

"పలికినాడు!" అంది జయమ్మ కళ్లు తుడుచుకుంటూ.

ఆ అదురుకు పక్కనున్న కుంకుమ పెళ్ల ఊడి ఇత్తడి రేకు కనపడింది. పీరా సాబ్ వంగి చూశాడు. నున్నటి రేకులో తన ముఖమే మసగ్గా కనిపించింది. ఒక్క అక్షరం లేదు.

"ఈడ పేరుండల్ల. యాడ పోయిందవ్వా?"

"మొదట్లో ఏందో గరుగ్గా ఉండె. ఇత్తడి కదప్పా, చింతపండేసి తోమితి. పన్నెండేండ్లు తోమితి. మోకాళ్లు నొచ్చబట్టి ఆమీద తోమలే, పూజ మటుకు సేస్తాంటి."

పీరా సాబ్ ఇంకో రెండుసార్లు తిప్పాడు. గొంతు జర్మనీ. దగ్గు మాత్రం ఇక్కడిదే. మధ్యలో ఇంకేదో దేశం. ఆయన మిషన్‌ను చాప మీద పెట్టాడు.

"తెలీలేదు" అన్నాడు. ఆ మాట ఆయన నోట మహమూదా బీ అదే మొదటిసారి వినడం.

"తెలీకుంటేనేమి, నీ చేతిలో పలికింది. తీస్కపో" అంది జయమ్మ. "దసరాకు మూడు దినాలు మాత్రం ఇంటికి రావల్ల."

"పేరు లేనిదాన్ని నేను పెట్టుకోనవ్వా. నాకొక పద్ధతుంది."

"పేరెందుకు లేదు? మాదన్న. బొంబాయిలో మా ఆయన పక్కన పండుకొనేటోని పేరు. దీనిదీ వానిదీ ఒకటే గురక అనేటోడు."

పీరా సాబ్ మిషన్‌ను మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. చాలాసేపు విన్నాడు. నిజమే, గురకే.

ఆదోని బస్సులో ఎర్ర చొక్కాతో, ఒళ్లో మూటతో కూర్చున్నాడు. "అట్ట మీద తప్పు రాసినట్లయితాదేమో" అన్నాడు.

"ముప్పై ఏడింటికి కంపెనీవాళ్లు పెట్టిన పేర్లు రాస్తివి. ఒకదానికి ఇంటోళ్లు పెట్టింది రాయి" అంది మహమూదా బీ కళ్లజోడు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం ఆయన అట్టముక్క మీద రాశాడు. పేరు: మాదన్న. దేశం: కోటేకల్లు. సంవత్సరం: తెలియదు. జబ్బు: గురక.

మొదటి దసరాకు తీసుకెళ్తుంటే కిటికీ పక్క సీట్లో టవల్ మూట చూసి కండక్టరు అడిగాడు. "పిల్లోనికి ఎన్నేండ్లు సాబూ?"

"యాభై ఉంటాయి" అన్నాడు పీరా సాబ్. కండక్టరు ఫుల్ టికెట్టే కొట్టాడు.

పీరా సాబ్ అలమరలో ఇప్పుడు ముప్పై ఎనిమిది మిషన్లు ఉన్నాయి. దసరా మూడు రోజులూ ముప్పై ఏడే ఉంటాయి.